కంపెనీ డబ్బుతో వచ్చిన ఊరి ఫిల్టర్ ప్లాంటు: మెషీన్‌కు ఎనిమిది, ఒప్పందానికి మూడు

పంచాయతీ ఆఫీసు పక్కన రేకుల షెడ్డు, గోడ మీద కంపెనీ గుర్తు, లోపల స్టీలు ఫ్రేముకు బిగించిన పొడవాటి తెల్ల గొట్టాలు, బయట 20 లీటర్ల క్యాన్లతో వరస. నల్గొండ, ప్రకాశం, అనంతపురం వైపు తిరిగేవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులతో పల్లెలకు చేరే సామానులో బడి బెంచీలు, మరుగుదొడ్లతో పాటు తరచుగా కనిపించేది ఈ ఆర్వో ప్లాంటే.

ఈ రివ్యూ గంటకు వెయ్యి లీటర్లిచ్చే మామూలు మోడల్ గురించి. ఏ ఒక్క తయారీదారు గురించీ కాదు, ఎందుకంటే లోపలి సామాను దాదాపు అందరిదీ ఒకటే. తేడా అంతా ప్లాంటుతో పాటు సర్పంచి చేతికిచ్చే ఒప్పంద కాగితంలో ఉంటుంది. ఈ సరుకు కొనేది కంపెనీ, వాడేది ఊరు, రిపేరు చేసేది మూడో మనిషి. ఫోను కొన్నవాడికి ఫోను సంగతి తెలుస్తుంది. ఇక్కడ కొన్నవాడు రిబ్బన్ కత్తిరించిన రోజు తర్వాత ఆ నీళ్లు తాగడు. అందుకే మెషీన్‌కు పదికి ఎనిమిది వేసినా, మామూలుగా దాంతో వచ్చే ఒప్పందానికి మూడుకు మించి వేయలేం.

లోపల ఏముంది, ఏం చేస్తుంది

బోరు నీళ్లు మొదట ముడినీటి ట్యాంకులోకి వస్తాయి. అక్కణ్ణుంచి ఇసుక ఫిల్టరు, ఆ తర్వాత కార్బన్ ఫిల్టరు. దారిలో చిన్న డోసింగ్ పంపు చుక్కలు చుక్కలుగా యాంటీస్కాలెంట్ మందు కలుపుతుంది, అంటే ముందు ముందు గొట్టాల్లో సున్నం పేరుకోకుండా ఆపేది. 5 మైక్రాన్ల కార్ట్రిడ్జి మిగిలిన సన్నమట్టిని పడుతుంది. హైప్రెజర్ పంపు ఆ నీటిని మెంబ్రేన్లలోకి, అంటే నీటిని వదిలి ఉప్పును ఆపే సన్న పొరల గొట్టాల్లోకి, తోస్తుంది. నాలుగంగుళాల లావు, నలభై అంగుళాల పొడవు ఉండే 4040 సైజు మెంబ్రేన్లు నాలుగు. ఒక్కొక్కటి గంటకు ఇంచుమించు 250 లీటర్లు ఇస్తుంది. వచ్చిన మంచినీళ్లు స్టీలు ట్యాంకులో చేరి, అల్ట్రావయొలెట్ దీపం దాటి కుళాయికి వస్తాయి.

ఫ్లోరైడు దగ్గర మెషీన్‌ను తప్పు పట్టడానికి లేదు. బాగున్న మెంబ్రేను ఫ్లోరైడును 90 శాతానికి పైగా ఆపేస్తుంది. బోరులో లీటరుకు 3 మిల్లీగ్రాములుంటే కుళాయి దగ్గర 0.2, 0.3 కనిపిస్తుంది. ఐఎస్ 10500 తాగునీటి ప్రమాణం ప్రకారం 1 లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. నీళ్లు కాచితే ఫ్లోరైడు పోదు, ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది. ఇళ్లలో వాడే వెండి పూత ఫిల్టర్లు క్రిముల సంగతి చూస్తాయి గానీ ఫ్లోరైడును ముట్టుకోవు.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి తేర్చే పద్ధతి ఒకటుంది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన ఆ పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. అది పని చేస్తుంది. కానీ నీటి క్షారత చూసి పటిక మోతాదు లెక్కకట్టాలి, అడుగున చేరే బురదను ఊరికి దూరంగా పారెయ్యాలి, తూకం కాస్త తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. రోజూ అంత శ్రద్ధ పెట్టే మనిషి ఊళ్లో దొరకడం కష్టం. యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరుకు కరెంటు అక్కర్లేదు, నీళ్లు వృథా కావు. బోరులో ఫ్లోరైడు తప్ప వేరే బాధ లేకపోతే అదే చవక. కాకపోతే కొన్ని నెలలకోసారి కాస్టిక్ సోడాతో, ఆ తర్వాత ఆమ్లంతో కడిగి దాన్ని మళ్లీ పనికి తేవాలి. ఫ్లోరైడుతో పాటు ఉప్పదనం, గట్టిదనం, నైట్రేటు కూడా ఉన్న బోర్లకే ఆర్వో సరైన మందు. పటిక పద్ధతో, అల్యూమినా ఫిల్టరో తీసుకోమని చెప్పే కంపెనీ మాత్రం అరుదు. పటిక డ్రమ్ము ముందు నిలబడి ఫొటో దిగితే వార్షిక నివేదికలో అందంగా ఉండదు మరి.

రిపేరు కథలు

ప్లాంటు ఆగిపోయిందని చెప్పే ఊళ్లలో మెషీన్ చెడిపోవడానికి కారణాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మొదటిది యాంటీస్కాలెంట్. గంటకు 2,200 లీటర్ల ముడినీరు లోపలికి పోతుంది, లీటరుకు 4 మిల్లీగ్రాముల చొప్పున వేస్తే గంటకు 9 గ్రాములు. రోజుకు నాలుగు గంటలు నడిచే ప్లాంటుకు నెలకు కిలో పైచిలుకు చాలు. ఆ కిలో డబ్బులు మిగుల్చుకుందామని డ్రమ్ములో ఉట్టి నీళ్లు పోసి నడిపిన చోట ఆరు నెలలకే మెంబ్రేన్ల మీద సున్నపు పొర కడుతుంది. దాని వెనకే కాల్షియం ఫ్లోరైడు, సిలికా పేరుకుంటాయి. సిలికా ఒకసారి గట్టిపడితే మామూలు యాసిడ్‌లకు లొంగదు.

రెండోది క్లోరిన్. బోరు ఎండినప్పుడు పంచాయతీ ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి పైపు కలుపుతారు. ఆ నీళ్లలో బ్లీచింగ్ ఉంటుంది. ఈ మెంబ్రేన్ల పాలిఅమైడ్ పొరకు క్లోరిన్ విషం. మధ్యలో కార్బన్ ఫిల్టరు దాన్ని పట్టాలి, కానీ కార్బన్‌కూ ఓ ఆయుష్షు ఉంది. ఏడాది, ఏడాదిన్నరకు మార్చని కార్బన్ గుండా క్లోరిన్ నేరుగా దాటిపోతుంది. అప్పుడు నీళ్లు ఎక్కువగా వస్తాయి, టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పుల మొత్తం కొలత) కూడా పెరుగుతుంది. నీళ్లు పెరిగాయని ఆపరేటర్ సంతోషపడే రోజే మెంబ్రేను చిల్లులు పడిన రోజు.

మూడోది రిజెక్ట్ వాల్వు, అంటే మెంబ్రేన్లు ఆపేసిన ఉప్పునీటిని బయటికి వదిలేది. పక్కన మోరీలోకి పోతున్న నీళ్లు చూసి ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. మంచి మనసుతోనే ఎవరో ఆ వాల్వును సగం మూసేస్తారు. ఉప్పంతా లోపలే చిక్కబడి మెంబ్రేన్లు నెలల్లో పోతాయి. నీటి ప్రవాహాన్ని చూపే రోటామీటరు మీద మంచినీళ్లు గంటకు 1,000, రిజెక్ట్ 1,200 లీటర్ల దగ్గర ఉండాలని మార్కర్‌తో గీత గీసి, వాల్వు పిడి తీసి దాచడం చాలా ఊళ్లకు పనికొచ్చే చిట్కా.

కరెంటు పోయినప్పుడు చిక్కటి నీరు మెంబ్రేన్లలో నిలిచిపోవడం కూడా చిన్న విషయం కాదు. ఆపే ముందు రెండు మూడు నిమిషాలు మంచినీళ్లతో కడిగే ఫ్లష్ లైను ఉందో లేదో ప్లాంటు తీసుకునే రోజే చూడాలి. ధర తగ్గించడానికి సప్లయర్లు మొదట తీసేసే పైపు అదే. వారానికి మించి ప్లాంటు ఆపాల్సి వస్తే మెంబ్రేన్లలో సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణం నింపాలి, లేదంటే లోపల జిగురు కడుతుంది.

కడగడం ఎప్పుడంటే, మంచినీళ్ల రాక పదో వంతు పడిపోయినప్పుడు, లేదా మెంబ్రేన్లకు ముందూ వెనకా ప్రెజరు గేజీల మధ్య తేడా మామూలు కంటే 15 శాతం పెరిగినప్పుడు. సున్నానికి 100 లీటర్ల మంచినీళ్లలో 2 కిలోల సిట్రిక్ యాసిడ్ కలిపి తక్కువ ప్రెజరులో ముప్పావు గంట తిప్పాలి. జిగురుకు కాస్టిక్ కావాలి. నీళ్ల రాక సగానికి పడేదాకా ఆగి కడిగితే యాసిడ్ దండగ.

ఇంకో మాట. టీడీఎస్ ఉన్నట్టుండి ఒక్క రోజులో 50 నుంచి 300కి ఎగబాకితే మెంబ్రేన్ల మీద అనుమానం పెట్టుకోకండి. మెంబ్రేను నెమ్మదిగా చస్తుంది. ఒక్కసారిగా వచ్చే తేడా చాలాసార్లు చివరి మూతలోని ఓ-రింగు తెగడం వల్ల. ఒక్కో గొట్టం నుంచి వచ్చే నీటిని విడివిడిగా పట్టి మీటరు పెడితే ఏ గొట్టమో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. ఈ సంగతి తెలియని ఊరికి నాలుగు మెంబ్రేన్ల బిల్లు, అంటే ఇంచుమించు 60 వేల రూపాయలు, పడుతుంది. రింగు ధర అందులో వందో వంతు కూడా ఉండదు.

మీటరు చెప్పని సంగతులు

ఆర్వో నీళ్లు చప్పగా ఉంటాయని జనం గొణుగుతారు. టీడీఎస్ 40కి పడిపోయిన నీళ్లకు రుచి ఉండదన్నది నిజమే. దాన్ని సరిచేయడానికి ముడినీటిని కొంచెం కలిపే బైపాస్ వాల్వు ఉంటుంది. ప్లాంటు మొత్తంలో అత్యంత ప్రమాదకరమైన వాల్వు ఇదే. బోరులో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడుంటే, ఐదో వంతు ముడినీరు కలిపినా మొత్తం 0.76 దగ్గర ఆగుతుంది. బోరులో 5 ఉంటే అదే ఐదో వంతుకు 1.16 అయి హద్దు దాటుతుంది. ఎండాకాలంలో వరస పెరిగినప్పుడు ఆపరేటర్ ఈ వాల్వును ఇంకాస్త తిప్పుతాడు. క్యాన్లు త్వరగా నిండుతాయి, రుచీ బాగుంటుంది, మీటరు 200 చూపిస్తుంది, అందరూ సంతోషం. టీడీఎస్ మీటరుకు ఫ్లోరైడు వేరుగా కనపడదు, క్రిములు అసలే కనపడవు. ఫ్లోరైడు పీడిత ఊళ్లలో ఆ వాల్వును సీలు వేయించడమే మేలు. రుచికి మినరల్ కార్ట్రిడ్జి పెట్టుకోవచ్చు.

క్రిముల సంగతికొస్తే, అల్ట్రావయొలెట్ దీపం ముందు నుంచి పోతున్నంతసేపే కాపలా. క్యాన్‌లో పడ్డాక ఆ నీటికి ఏ రక్షణా లేదు, క్లోరిన్ ఉన్న కుళాయి నీటికున్న పాటి బలం కూడా లేదు. దీపం ఇంకా నీలంగా వెలుగుతున్నా 8, 9 వేల గంటలు దాటాక క్రిముల్ని చంపే శక్తి తగ్గిపోతుంది. అంటే ఆపకుండా వెలిగితే ఏడాదికి మార్చాలి. ఎండలో పెట్టిన క్యాన్ లోపల పచ్చటి పాచి చూసే ఉంటారు. ప్లాంటు నీరు పరీక్షలో నెగ్గి, ఇంటి క్యాన్‌లో నీరు ఓడిపోవడం మామూలే. చిన్న సీసాలో వచ్చే హెచ్‌టూఎస్ కిట్‌తో ఎవరైనా చూడొచ్చు. గీత వరకు నీళ్లు పోసి గది వేడిలో ఉంచాలి, ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే కలుషితమైనట్టు. కుళాయి దగ్గర ఒకటి, ఐదారు ఇళ్ల క్యాన్ల నుంచి ఐదారు సీసాలు పెడితే జబ్బు ఎక్కడుందో బయటపడుతుంది.

దీన్ని ‘మినరల్ వాటర్’ అనడం కూడా తప్పు. ఖనిజాలు తీసేసిన నీరిది. సహజ మినరల్ వాటర్‌కు ఐఎస్ 13428, సీలు వేసి అమ్మే ప్యాకేజ్డ్ నీటికి ఐఎస్ 14543 అని వేరే ప్రమాణాలున్నాయి. ఊరి క్యాన్ ఆ రెంటిలోకీ రాదు కాబట్టి పరీక్షల బాధ్యత పూర్తిగా నడిపేవాళ్లదే.

కార్డు గీకితే నీళ్లిచ్చే ఏటీఎం పెట్టె అదనపు హంగు. డబ్బు లెక్క సరిగ్గా ఉంటుంది, రాత్రి కూడా పట్టుకోవచ్చు, అది మంచిదే. కరెంటుతో తెరుచుకునే సోలనాయిడ్ వాల్వులో ఇసుక ఇరుక్కుంటే ఆగకుండా కారుతుంది, ఫ్లో సెన్సరు తప్పితే 20కి 18 లీటర్లే ఇస్తుంది. నెలకోసారి ఖాళీ క్యాన్‌ను, నిండు క్యాన్‌ను కాటా మీద పెట్టి చూస్తే సరి. తేడా 20 కిలోలు రావాలి.

రెండు రూపాయల క్యాన్ లెక్క

రోజుకు 200 క్యాన్లు పోయే ఊరనుకుందాం. అంటే 4,000 లీటర్లు, మెషీన్ నాలుగు గంటలు నడుస్తుంది. ఆపరేటర్ జీతం 9 వేలు. బోరు మోటారుతో కలిపి గంటకు 4 యూనిట్ల చొప్పున నెలకు 480 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు వేస్తే 3,840. మెంబ్రేన్ల 60 వేలను రెండున్నరేళ్ల మీద పరిస్తే నెలకు 2 వేలు. మందులు, కార్ట్రిడ్జిలు, దీపం కలిపి 1,200. పంపు, స్టార్టర్, ప్యానెల్ రిపేర్లకు 1,500. ల్యాబు పరీక్షలకు 500. మొత్తం 18 వేల పైన కాస్త. 6 వేల క్యాన్లతో భాగిస్తే క్యాన్‌కు 3 రూపాయలు. జీతాలూ కరెంటు రేట్లూ ఊరినిబట్టి మారతాయి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

ఇప్పుడు కంపెనీ బోర్డు మీద ఉన్న ధర చూడండి. 2 రూపాయలకు అమ్మితే నెలకు 6 వేల నష్టం. మొదటి ఏడాది అది కనిపించదు, ఎందుకంటే మెంబ్రేన్లు కొత్తవి, రిపేర్లు వారంటీలో ఉంటాయి. మెంబ్రేను, రిపేరు పక్కనపెడితే చేతి ఖర్చు 14,500, వచ్చేది 12 వేలు. ఆ చిన్న గుంటను పంచాయతీ ఎలాగో పూడుస్తుంది. మూడో ఏట మెంబ్రేన్ల బిల్లు వచ్చిన రోజు ఖాతాలో పైసా ఉండదు. నీళ్లు ఉచితంగా ఇచ్చే ప్లాంటు అయితే అంతకంటే ముందే మూతపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2014 అక్టోబరు 2న మొదలైన ఎన్టీఆర్ సుజల స్రవంతి పథకం 20 లీటర్లు 2 రూపాయలకే అని ప్రకటించి, దాతలనూ కంపెనీలనూ ముందుకు రమ్మంది. వినడానికి బాగున్న ధర అది. పై లెక్కలో ఆ రూపాయి లోటు ఎవరు పూడ్చాలో రాసుకోకుండా మొదలుపెట్టే ఏ ప్లాంటుకైనా గతి ఒకటే.

5 రూపాయలు పెడితే నెలకు 30 వేలు. ఖర్చు పోను 12 వేలు మిగులుతాయి. అందులోంచి నిరుపేద ఇళ్లకు, బడికి, అంగన్‌వాడీకి ఉచితంగా ఇవ్వొచ్చు. ఆటోలో ఇంటికి తెచ్చిస్తే దాని కిరాయి వేరు. నిండు క్యాన్ 20 కిలోల పైన బరువు, మోసేది ఎక్కువగా ఆడవాళ్లు. షెడ్డు ఊరి నడుమ పెట్టి, ఎస్సీ కాలనీ ఊరి చివర ఉంటే, అందరికీ ఒకే ధర అన్నమాట కాగితం మీదే మిగిలి, కాలనీకి ఆటో కిరాయి కలిసి రెట్టింపవుతుంది. షెడ్డు స్థలం ఎంచుకునే రోజు కంపెనీ మనిషి ఊళ్లో ఉండాలి అనేది ఇందుకే.

చట్టం ఏమంటుంది, కంపెనీలు ఏమంటాయి

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. అలాంటి పనుల జాబితా అయిన ఏడో షెడ్యూలులో సురక్షిత తాగునీరు ఉంది. తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఉంది.

నిర్వహణ ఖర్చు అడిగితే కంపెనీల నుంచి వచ్చే మామూలు జవాబు: ‘రూల్స్ ఒప్పుకోవండీ, పరిపాలనా ఖర్చు 5 శాతం దాటకూడదు.’ ఇది సగం నిజం. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సామాజిక బాధ్యత విభాగాన్ని నడుపుకునే ఖర్చుకు. ఒక ప్రాజెక్టును అమలు చేయడానికి, పర్యవేక్షించడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. ఆపరేటర్ శిక్షణ, నీటి పరీక్షలు, మెంబ్రేన్లు ప్రాజెక్టు ఖర్చే. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర తగువు పడినట్టుంటుంది, ప్లాంటుకు లక్షలు పెట్టి ల్యాబు పరీక్షకు 500 లేవనడం.

ఇంకో జవాబు ‘మార్చి 31 లోపు ఖర్చు చూపించాలి.’ ఈ తొందరలోనే ఫిబ్రవరిలో షెడ్డు లేస్తుంది, బోరు ఎండాకాలంలో నిలుస్తుందో లేదో మే నెలలో చూడాల్సిన పరీక్ష ఎగిరిపోతుంది. 2021లో నిబంధనలు సవరించాక ఆ సాకు కూడా చెల్లదు. కొనసాగే ప్రాజెక్టు అయితే మిగిలిన సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి, ఆపై మూడేళ్లలో ఖర్చు పెట్టవచ్చు. మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్ల వరకు కొనసాగే ప్రాజెక్టు గడువు. లెక్కవేస్తే మొదటి సెట్టు మెంబ్రేన్లు పోయి రెండో సెట్టు వేసేదాకా కంపెనీ పక్కన నిలబడటానికి చట్టమే వీలిచ్చింది. నిలబడకపోతే అది కంపెనీ ఎంపిక.

ఆస్తి ఎవరిదన్నది మూడో ముడి. అదే సవరణ ప్రకారం ఇలాంటి ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు. రిజిస్టరైన ధార్మిక ట్రస్టు లేదా లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ దగ్గర, లబ్ధిదారుల సంఘం దగ్గర, లేదా ప్రభుత్వ సంస్థ దగ్గర ఉండాలి. పంచాయతీకిస్తే సర్పంచి మారినప్పుడల్లా ఆపరేటర్ మారతాడు. డ్వాక్రా గ్రామ సంఘానికిస్తే లెక్కల పుస్తకం బాగుంటుంది, మెకానిక్ బేరాల్లో వెనకబడతారు. రెండింటిలో గ్రామ సంఘమే మేలు, మెకానిక్ పనిని ఏడాది కాంట్రాక్టుగా రాయించుకుంటే. క్యాన్ల మీద మిగిలిన డబ్బును కంపెనీ తన లాభంలో కలుపుకోకూడదు, ఆ ప్రాజెక్టులోకో, ఖర్చుకాని సామాజిక బాధ్యత సొమ్ము ఖాతాకో, ఏడో షెడ్యూలులోని నిధికో చేరాలి. ఆ సంగతి కూడా కాగితం మీద ఉండాలి.

ఇక అసలు ముల్లు. బోరు పాడుచేసిన ఫ్యాక్టరీయే ప్లాంటు ఇస్తే? పటాన్‌చెరు, బొల్లారం వైపు నక్కవాగు నీరు ఫ్యాక్టరీల వ్యర్థాలతో చెడిపోయి, కేసు 1990లో సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. అలాంటి చోట కోర్టో, కాలుష్య నియంత్రణ మండలో ఇమ్మన్న నీరు పరిహారం కిందికి వస్తుంది. వేరే చట్టం కింద చేసి తీరాల్సిన పనిని సామాజిక బాధ్యత ఖాతాలో రాయకూడదని నిబంధనల్లోనే ఉంది. తమ సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ కూడా ఈ ఖాతాలోకి రాదు. కాబట్టి షెడ్డు గోడ మీద ‘దాత’ అనే పలక కనిపించినప్పుడు, ఆ ఊరి బోరు ఎప్పుడు, దేనివల్ల చెడిందో అడగడం మర్యాద తప్పడం కాదు. నల్గొండ ఫ్లోరైడు రాళ్లలోంచి వచ్చింది, ఏ ఫ్యాక్టరీ తప్పూ లేదు. ద్రావకాల వాసన వచ్చే బోరు సంగతి వేరు. పైగా తేలిగ్గా ఆవిరయ్యే కొన్ని ద్రావకాలను ఆర్వో పూర్తిగా ఆపలేదు కూడా.

దాత ఇల్లే కూలితే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు కుటుంబం 2001లో స్థాపించిన బైర్రాజు ఫౌండేషన్ పశ్చిమ గోదావరి వైపు ఊళ్లలో నీటి ప్లాంట్లు పెట్టించింది. అదే ఇంటి నుంచి 2005లో 108 అంబులెన్సు సర్వీసు కూడా వచ్చింది. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖతో 7 వేల కోట్లకు పైబడిన లెక్కల మోసం బయటపడ్డాక, 108 బాధ్యత జీవీకే గ్రూపు చేతికి మారింది, బండ్లు ఆగలేదు. నిర్వహణ ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం భరించే ఒప్పందం ముందే రాసి ఉండటమే అందుకు ఒక ముఖ్య కారణం. ఒక ధర్మసంస్థ బతుకు దాత మంచితనం మీదే ఆధారపడి ఉంటే, ఆ మంచితనం అబద్ధమని తేలిన రోజు కుళాయి కూడా అబద్ధమవుతుంది.

మోరీలోకి పోయే నీళ్లు

ఈ రివ్యూలో మెషీన్‌కు తగ్గిన రెండు మార్కులూ ఇక్కడివే. వెయ్యి లీటర్లు ఇవ్వడానికి 2,200 తోడి 1,200 పారబోస్తుంది. పారబోసే నీటిలో ఫ్లోరైడు 3 కాదు, లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటుతుంది. బోరు టీడీఎస్ 1,200 అయితే అది 2,100కి చేరుతుంది. రోజుకు దాదాపు 5 వేల లీటర్లు. కొన్నిచోట్ల ఈ నీటిని ఇంకుడు గుంతలోకి మళ్లించి ‘భూగర్భ జలాల పెంపు’ అని బోర్డు పెడతారు. బోరు పక్కనే ఆ గుంత ఉంటే, తీసిన విషాన్ని చిక్కగా చేసి మళ్లీ అదే బోరుకు తాగించినట్టు. ఇంకొన్నిచోట్ల పశువుల తొట్టెకు కలుపుతారు. పశువులకూ ఫ్లోరోసిస్ వస్తుంది, పళ్లు అరిగి మేత నమలలేవు. మరుగుదొడ్లకు, వాహనాలు కడగడానికి, రోడ్డు మీద దుమ్ము అణచడానికి వాడొచ్చు, సిమెంటు పనికి మాత్రం వద్దు. బడి మరుగుదొడ్డి ట్యాంకుకు పైపు వేయించడానికి పట్టేది కొన్ని మీటర్ల గొట్టం, ఓ చిన్న మోటారు. ప్లాంటు డ్రాయింగులో అది లేకపోతే సంతకం పెట్టకముందే అడగండి.

తీసుకోవాలా, వద్దా

తెలంగాణలో 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ చాలా ఫ్లోరైడు ఊళ్లకు నది నీరు తెచ్చింది. ఆ కుళాయి నీరు వస్తున్న ఊరికి ఆర్వో ప్లాంటు దాదాపు అనవసరం. అయినా జనం క్యాన్ కొంటున్నారంటే, క్లోరిన్ వాసన నచ్చకో, పైపులు పగిలి బురద వస్తేనో. ఆ డబ్బుతో కంపెనీ ట్యాంకు కడిగించి, లీకులు పూడ్పించి, కుళాయి చివర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలేలా డోసరు పెట్టిస్తే అదే ఖర్చుకు మొత్తం ఊరికి మంచి నీరు వస్తుంది, చుక్క వృథా కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు నీరే కారణమని ఇంకా తేలలేదు. అక్కడ ప్లాంటు పెట్టండి గానీ, ‘కిడ్నీ రాకుండా కాపాడే నీరు’ అని గోడ మీద రాస్తే అది అబద్ధపు ప్రచారం.

బోరు తప్ప దిక్కులేని ఫ్లోరైడు ఊరికి మాత్రం తీసుకోండి. సంతకానికి ముందు మే నెలలో బోరు ఎన్ని గంటలు ఆగకుండా పోస్తుందో చూడండి. ముడినీటి పూర్తి పరీక్ష, సిలికాతో సహా, చేయించి ఆ కాగితాన్ని ఒప్పందానికి జతచేయండి, ఎందుకంటే డిజైను మొత్తం దాని మీదే ఆధారపడుతుంది. క్యాన్‌కు ఒక రూపాయి మెంబ్రేన్ల ఖాతా కింద వేరే పాస్‌బుక్‌లో పడాలి. నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. పది నెలల్లోనే ఒక సెట్టు డబ్బు చేరుతుంది. ఏడాదికి రెండుసార్లు, వానల ముందూ తర్వాతా, ఫ్లోరైడు పరీక్ష ఫలితాన్ని షెడ్డు గోడ మీద కంపెనీ గుర్తు ఉన్నంత సైజులో రాయించాలి. ఒక సెట్టు ఓ-రింగులు, రెండు కార్ట్రిడ్జిలు, ఒక దీపం షెడ్డులో తాళం వేసిన పెట్టెలో ఉండాలి, తాళంచెవి ఆపరేటర్ దగ్గర కాకుండా గ్రామ సంఘం లీడర్ దగ్గర.